మోటార్ బోర్డు ఎందుకు ఆలస్యమైంది, ఇప్పుడు ఎంతవరకు వచ్చింది

నమస్కారం అండి. డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) మోటార్ వేగాన్ని నడిపే కంట్రోలర్ బోర్డు కోసం అడ్వాన్స్ కట్టిన పద్నాలుగు మందికీ ఇది రాస్తున్నాను. ఉగాదికి ఇస్తానన్నాను. దసరా కూడా వెళ్ళిపోయింది. ఫోన్ చేసిన ప్రతివారికీ "ఇంకో రెండు వారాలండి" అంటూ వచ్చాను. అలా అనకుండా అసలు సంగతి చెప్పి ఉండాల్సింది. క్షమించండి. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

బెల్టు లేకుండా మోటార్ ఇరుసు మీదే ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్ళెం) తిరిగే సెట్టును జపాన్ కంపెనీ టెక్నిక్స్ 1970లో ఎస్‌పీ-10 పేరుతో తెచ్చింది. 1975 నాటి మార్క్ 2లో వేగానికి క్వార్ట్జ్ క్రిస్టల్‌ను కాపలా పెట్టారు. మీలో ఎక్కువమంది దగ్గర ఉన్నవి ఆ కాలపు జపాన్ సెట్లే. బేరింగు, అయస్కాంతం, కాయిల్స్ ఇప్పటికీ రాయిలా ఉంటాయి. పోయేది లోపలి బోర్డు. ఆ మోటార్ కోసమే చేసిన ఐసీల (చిప్పుల) తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. కోఠి గుజరాతీ గల్లీలో నాకు తెలిసిన ప్రతి కౌంటర్లో అడిగాను, లేవు. ఇంకో సెట్టు నుంచి పీకి పెడితే అదెన్నాళ్ళు ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ ఐసీల పని మొత్తం ప్రోగ్రాం రాసి నడిపే ఒక చిన్న చిప్పు, అంటే మైక్రోకంట్రోలర్‌తో చేయించే బోర్డు మొదలుపెట్టాను.

మొదటి బోర్డు ఫిబ్రవరిలోనే తిరిగింది. ప్లాటర్ అంచున ఉండే స్ట్రోబ్ చుక్కలు (వేగం సరిగ్గా ఉంటే మిణుకు దీపం వెలుగులో ఆగినట్టు కనిపించేవి) కదలకుండా నిలబడ్డాయి. ఆ వీడియో చూసి "ఇంకేం, పంపించెయ్యండి" అని కొందరు అన్నారు. నేనూ పంపేద్దామనే అనుకున్నాను. ఆ రాత్రి షాపు మూసే ముందు ఒక నాదస్వరం ఎల్పీ పెట్టాను. పట్టి నిలిపిన షడ్జమం మీద సన్నటి వణుకు వినబడింది. అది విద్వాంసుడి గమకం కాదు. అదే రికార్డును పక్కనున్న ఒరిజినల్ బోర్డు సెట్టు మీద పెడితే స్వరం గీత గీసినట్టు నిలిచింది.

చుక్కలు సగటు వేగాన్నే చూపిస్తాయి. లిప్తపాటులో వేగం పెరిగి తగ్గితే కంటికి దొరకదు, చెవికి దొరుకుతుంది.

తప్పు నా లెక్కలో ఉంది. మోటార్‌లో ఎఫ్‌జీ అనే భాగం తిరిగేకొద్దీ పల్సులు పంపుతుంది. పల్సుకీ పల్సుకీ మధ్య సమయం చూసి, మోటార్‌ను తోయాలా పట్టాలా అని బోర్డు తేల్చుకుంటుంది. ఆ పల్సులన్నీ సమాన దూరంలో ఉంటాయని నమ్మాను. ఉండవు. సెట్టు కొత్తగా ఉన్నప్పుడు కూడా వాటి మధ్య వెంట్రుకవాసి తేడాలుంటాయి. వేగం సరిగ్గానే ఉన్నా ఒక పల్సు కాస్త ముందొస్తే నా బోర్డు బ్రేకు వేసేది, తర్వాతది ఆలస్యమైతే తోసేది. లేని తప్పు దిద్దబోయి, బరువైన ప్లాటర్ తనంతట తాను చక్కగా తిరుగుతుంటే దాన్ని కుదిపేది. ఇప్పుడు బోర్డు మొదట కొన్ని చుట్లు గమనించి ఏ పల్సు ఎంత తేడాతో వస్తుందో గుర్తుపెట్టుకుంటుంది, ఆ తేడాను తీసేసి లెక్క చూస్తుంది. దిద్దుబాటు కూడా మెల్లగా చేస్తుంది. స్విచ్ వేశాక అర నిమిషం ఆగి సూది పెట్టండి, అంతే.

ఇంకో రెండు నెలలు పోయింది కొలతల దగ్గర. 3150 హెర్ట్జ్ స్వరం ఒక్కటే ఉండే టెస్ట్ రికార్డు పెట్టి చూస్తే ప్రతి 1.8 సెకన్లకూ వేగం ఒక అల లాగా లేచి పడుతోంది. 33⅓ వేగంలో ఒక చుట్టుకు పట్టే సమయం సరిగ్గా అంతే. మోటార్ అనుకున్నాను, బేరింగు అనుకున్నాను, ప్రోగ్రాం నాలుగుసార్లు తిరగరాశాను. చివరికి ఒకరోజు ప్లాటర్‌ను కదపకుండా రికార్డును మాత్రం అరచుట్టు తిప్పి పెట్టాను. అల కూడా అరచుట్టు జరిగింది. అంటే తేడా రికార్డుది. మధ్య రంధ్రం 0.2 మిల్లీమీటర్లు పక్కకు ఉన్నా, ఇరుసు నుంచి 100 మిల్లీమీటర్ల దూరంలోని గాడి దగ్గర వేగం అటూ ఇటూ 0.2 శాతం ఊగుతుంది. మంచి డైరెక్ట్ డ్రైవ్ మోటార్ తేడా అందులో చిన్న వంతే. ఇప్పుడు టెస్ట్ రికార్డు రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, చివరి గాడిని లెన్సులో చూస్తూ, ఊగడం ఆగేదాకా వేలితో తట్టి కూర్చోబెడుతున్నాను. ఒక్కోసారి దానికే పావుగంట పడుతుంది.

మోటార్‌కు కరెంటు ఇచ్చే పద్ధతి కూడా మార్చాను. రెండో బోర్డులో కరెంటును సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ ఇచ్చాను. వేడి తక్కువ, ఖర్చు తక్కువ. కానీ సూదిని పట్టుకుని పాటను కరెంటుగా మార్చే మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ సాధారణంగా ఇచ్చేదే అర మిల్లీవోల్టు లోపు. సూది రికార్డు మధ్యకు, అంటే మోటార్ దగ్గరకు, జరిగేకొద్దీ స్పీకర్లో సర్‌మనే చప్పుడు పెరిగింది. ఇప్పుడు మూడు ఫేజులకూ నునుపైన సైన్ వేవ్ ఇచ్చే లీనియర్ యాంప్లిఫైర్లు పెట్టాను. వేడిని బయటికి పంపే పెద్ద హీట్ సింక్ కావాలి, బోర్డుకు 1,400 రూపాయలు అదనం. ఆ ఖర్చు నాది, మీకు చెప్పిన రేటు మారదు.

ప్రస్తుతం షాపులో మూడు బోర్డులు తిరుగుతున్నాయి. ఒకటి ఆరు వారాలుగా రోజుకు ఎనిమిది గంటలు నడుస్తోంది. ఒక్క పని మిగిలింది: స్టాప్ నొక్కితే ప్లాటర్ ఆగాక వేలెడంత వెనక్కి తిరుగుతోంది. పాటకు నష్టం లేదు, కానీ అలా ఉండగా పంపను. మొదటి ఐదు సంక్రాంతికి, అడ్వాన్స్ కట్టిన వరుసలోనే. మిగతావి శివరాత్రికి. అంతకాలం ఆగలేమనుకుంటే ఒక్క మెసేజ్ పెట్టండి, మొత్తం డబ్బు అదే రోజు తిరిగి వేస్తాను. కారణం అడగను.

ఇంకో మాట. మీలో ముగ్గురు పంపిన ఫొటోలు చూస్తే వాళ్ళకు నా బోర్డు అవసరమే లేదనిపిస్తోంది. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి, పగిలిన సోల్డరింగ్ తిరిగి వేస్తే సరిపోవచ్చు. వాళ్ళకు విడిగా ఫోన్ చేస్తాను. జపాన్ నుంచి తెప్పించుకున్న సెట్టయితే అది 100 వోల్టులది, దయచేసి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టకండి. నా బోర్డు పాత కనెక్టర్లకే తగులుతుంది, ఒక్క వైరు కూడా కోయక్కర్లేదు. తీసిన పాత బోర్డును పారేయకుండా కవర్లో పెట్టి దాచండి.

శనివారాలు సాయంత్రం 7 దాకా షాపులోనే ఉంటాను. మీకు బాగా అలవాటైన రికార్డు ఒకటి తెచ్చుకోండి, వీణైనా వయొలిన్ అయినా ఘంటసాల గారి పద్యాలైనా. ఒరిజినల్ బోర్డు మీద ఒకసారి, కొత్త బోర్డు మీద ఒకసారి వినండి. ఎక్కడైనా వణుకు అనిపిస్తే అక్కడే ఆపి చూపించండి, కూర్చుని చూద్దాం.