పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు (పీపీఓ)లో పేరు సరిచేయించండి: జిల్లా ఎస్పీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎస్పీ గారికి,

వినతిపత్రాలకు జవాబు రానందున అందరి ముందు రాస్తున్నాం. సోంపేట, టెక్కలి వైపు రిటైర్డ్ కానిస్టేబుల్ కన్నుమూస్తే, భార్యకు రావలసిన ఫ్యామిలీ పెన్షన్ తరచూ పేరు దగ్గరే ఆగిపోతోంది. సర్వీస్ రిజిస్టర్‌లో, పీపీఓలో ‘నరసమ్మ’. ఆధార్‌లో, పాస్‌బుక్‌లో ‘అప్పలనరసమ్మ’. ఖజానా దరఖాస్తును వెనక్కి పంపుతుంది. సవరణకు ఆయన చివరగా పనిచేసిన యూనిట్ నుంచి, పెన్షన్ ఖరారు చేసే అకౌంటెంట్ జనరల్‌కు ప్రతిపాదన వెళ్లాలి. దానికి పాత రిజిస్టర్ వెతికి తీయాలి. అన్నాళ్లూ మందులకూ బియ్యానికీ అప్పే. బకాయి తర్వాత వస్తుంది, నిజమే. ఆ అప్పు మీద వడ్డీ ఎవరు కడతారు?

పెన్షనర్ బతికుండగానే ఆయన సంతకం, జాయింట్ ఫోటో, ఆధార్ నకలు తీసుకుంటే ఈ చిక్కే రాదు. ప్రతి సబ్ డివిజన్‌లో సవరణ శిబిరం పెట్టించండి. ప్రతిపాదన 30 రోజుల్లో పంపి, దాని నంబరు రాతపూర్వకంగా ఇవ్వాలని ఉత్తర్వులివ్వండి.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా రిటైర్డ్ పోలీసు కుటుంబాలు