ఆ సైకిల్ నువ్వు విరగ్గొట్టలేదు

చిట్టికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. అమ్మకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పుణెలో హాస్టల్ తిండి నీకు పడుతోందో లేదోనని రోజూ అంటూనే ఉంది.

ఈ ఉత్తరం సైకిల్ గురించి. ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టాను. నీ పక్కన ఎవరో ఉన్నట్టు మాటలు వినిపించి ఊరుకున్నాను. ఇది అలా హడావుడిగా చెప్పే సంగతి కాదు.

ఆగస్టులో ఆ సాయంత్రం నువ్వు మోచెయ్యి చీరుకుపోయి, విరిగిన సైకిల్‌ని ఆటోలో వేసుకుని ఇంటి ముందు దిగావు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎక్కడ గుద్దావు?" అని. "గుద్దలేదు నాన్నా, బీఈఎల్ సర్కిల్ దాటాక హంప్ దిగుతుంటే విరిగిపోయింది" అన్నావు. నేను నమ్మలేదు. "నిజం చెప్పు, ఏమీ అనను" అన్నాను. మూడోసారి కూడా అడిగేసరికి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నావు. ఆ తర్వాత సైకిల్ షాపులో కౌంటర్ దగ్గర అబ్బాయి "ఎక్కడో పడేసి ఉంటారు మేడమ్" అంటే నువ్వు నా వైపు చూశావు. నేను నోరు తెరవలేదు. నువ్వు పుణె వెళ్ళిపోయాక కూడా ఆ చూపు నన్ను వదల్లేదు. తప్పు నాదే తల్లీ. నన్ను క్షమించు.

పీన్యా పారిశ్రామికవాడలో 26 ఏళ్లుగా మిషన్ల మధ్య బతికిన వాణ్ణి. మా షాపుకి విరిగిన షాఫ్టు వస్తే ఎవరు విరగ్గొట్టారని ముందు అడగం. విరిగిన చోటుని వెలుతురులోకి తిప్పి చూస్తాం. ఎలా విరిగిందో అక్కడే రాసి ఉంటుంది. బయటివాళ్ల ఇనుప ముక్కకి చేసే ఆ పని నా కూతురి సైకిల్‌కి చేయలేదు.

నువ్వు వెళ్ళిన మూడో ఆదివారం చేశాను. ఫ్రేమ్‌ని బాల్కనీలోకి తెచ్చి, షాపు నుంచి తెచ్చుకున్న భూతద్దం పెట్టి చూశాను. హ్యాండిల్ కింది నుంచి పెడల్ వైపు దిగే లావు గొట్టం ఉంది చూడు, అది వెల్డింగ్ పక్కనే విరిగింది. విరిగిన అంచు అంతా ఒకే రంగులో లేదు. అడుగు వైపు మూడో వంతు నల్లగా, నున్నగా ఉంది. దుమ్ము, నూనె జిడ్డు కూడా పట్టి ఉన్నాయి. మిగతాదంతా కొత్త చక్కెర పలుకుల్లా మెరుస్తూ గరుకుగా ఉంది. అంటే అడుగున బీట ఎప్పుడో పడింది. రోజులకొద్దీ రెండు పక్కలకీ పాకింది. ఆ సాయంత్రం విరిగింది మిగిలిన భాగం మాత్రమే. ఒక్క దెబ్బకి విరిగితే జిడ్డు పట్టే తీరిక ఎక్కడిది?

జూలైలో నువ్వే చెప్పావు, హ్యాండిల్ వైపు కిర్రుమని శబ్దం వస్తోందని. చెయిన్‌కి ఆయిల్ వెయ్యమన్నాను. ఆ శబ్దం బీటదే అయి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తోంది. రోడ్డు మీద ఇంకా వేగంగా పోతున్నప్పుడు విరిగి ఉంటే అన్న ఆలోచన వస్తే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

ఎదురుగా దేన్నైనా గుద్ది ఉంటే హ్యాండిల్ వెనక గొట్టం కింద ముడత పడుతుంది, అక్కడ పెయింట్ పెచ్చులు లేస్తుంది, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ వెనక్కి వంగుతుంది. స్కేలు పెట్టి చూశాను. ఫోర్క్ తిన్నగా ఉంది. ముందు చక్రం తిప్పితే ఎక్కడా బెండు లేదు. ముడత అసలే లేదు. నా కళ్ల మీద నాకే నమ్మకం చాలక యశ్వంత్‌పూర్ దగ్గర సైకిళ్లు బాగుచేసే ముసలాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఏమీ చెప్పకుండా చేతికిచ్చాను. ఆయన వేలితో ఆ నల్లటి అంచు తడిమి, "బిద్దిరో గాడి అల్ల సార్ ఇదు" అన్నాడు. ఇది పడిన బండి కాదు అని.

లోహం కూడా అలసిపోతుంది చిట్టీ. ఒక్కసారికి ఏమీ కాని బరువే అదే చోట లక్షలసార్లు పడితే, వెల్డింగ్ అంచున వెంట్రుకంత బీట పుడుతుంది. స్టీలుకైతే ఒక హద్దు ఉంది. బరువు దానికి లోబడి ఉంటే ఎన్నిసార్లు పడినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. అందుకే అల్యూమినియం ఫ్రేమ్‌లో గొట్టం మందం, వెల్డింగ్, ఆ తర్వాత ఇచ్చే వేడి అన్నీ సరిగ్గా కుదరాలి. సైకిళ్ల భద్రతకి ఐఎస్ఓ 4210 అనే ప్రమాణం ఉంది. పెడల్ తొక్కే బలాన్ని ఫ్రేమ్ మీద లక్షసార్లు వేసి చూసే పరీక్ష అందులో ఉంది. 2023 జూన్‌లో కొన్న సైకిల్, కాలేజీకి వెళ్ళొచ్చిన సైకిల్, రెండేళ్లకే ఇలా విరగకూడదు.

ఎదురింటాయన పీన్యాలోనే టిగ్ వెల్డింగ్ పెట్టించెయ్యండి, వెయ్యి రూపాయల్లో పోతుంది అన్నాడు. నాకు తెలియని పని కాదు. కానీ నీ ఫ్రేమ్ 6061 టీ6 అనే రకం అల్యూమినియం, వేడితో గట్టిపరిచినది. వెల్డింగ్ వేడికి ఆ పక్క లోహం మెత్తబడిపోతుంది. ఫ్యాక్టరీలో అయితే ఫ్రేమ్ మొత్తాన్ని మళ్ళీ వేడి చేసి, చల్లార్చి బలం తెప్పిస్తారు. ఇక్కడ ఎవరు చేస్తారు? నిన్ను దాని మీద ఎక్కనివ్వను. పైగా అతికిస్తే మన సాక్ష్యం పోతుంది.

ఇక కంపెనీ సంగతి. సెప్టెంబర్‌లో వాళ్లు పంపిన జవాబులో ఉన్నది రెండు లైన్లే: ఇంపాక్ట్ డ్యామేజ్ (అంటే దెబ్బ తగిలి విరిగింది), వారంటీ వర్తించదు. విరిగిన అంచుని ఎవరైనా చూశారా, ఎలా తేల్చారు అని రాసి అడిగాను. దానికి జవాబు లేదు. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. వాళ్లు తీర్పు ఇవ్వరు, ఫిర్యాదుని కంపెనీకి పంపి మాట్లాడిస్తారంతే. అది వెళ్ళాక కంపెనీ గొంతు మారింది. కొత్త ఫ్రేమ్ మీద 30 శాతం తగ్గిస్తారట. కాకపోతే పాతది వాళ్లకి ఇచ్చెయ్యాలి, ఇంక ఏ క్లెయిమూ లేదని సంతకం పెట్టాలి. నేను పెట్టలేదు. సైకిల్ షాపువాళ్లు ఫ్రేమ్ వదిలి వెళ్ళమంటే కూడా ఒప్పుకోలేదు. ఇవ్వాల్సే వస్తే జాబ్ కార్డులో ఫ్రేమ్ నంబర్ రాయించుకునే ఇస్తాను. పెడళ్ల ఇరుసు కింద చెక్కిన ఆ నంబర్‌కీ, విరిగిన అంచుకీ పగటి వెలుతురులో ఫోటోలు తీసి పెట్టాను. నువ్వు కూడా ఎక్కడా సంతకం పెట్టకు.

2019 వినియోగదారుల చట్టం చదివాను. గొడవ మొదలైన రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. మనం ఉన్న ఊళ్లోనే వెయ్యొచ్చు, లాయర్ లేకుండా మనమే వాదించుకోవచ్చు. ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు. లోపం ఉందో లేదో పరీక్షిస్తేనే తేలేదైతే కమిషనే ల్యాబ్‌కి పంపిస్తుంది. ఆ ఖర్చు ముందు మనల్ని కట్టమనవచ్చు. కట్టేస్తాను. నాకు కావాల్సింది ఆ పరీక్షే.

మన వైపు లోటు లేకపోలేదు. మొదటి రెండు ఫ్రీ సర్వీసుల తర్వాత మనం షాపుకి తీసుకెళ్ళలేదు. నువ్వు ఒకసారి నంది కొండ ఎక్కే పోటీలో పాల్గొన్నావు. రేసింగ్‌కి వారంటీ లేదని కార్డులో ఉంది. ఆ ఒక్క ఉదయాన్నే పట్టుకుని వాదిస్తారేమో. అయినా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. దాచి గెలవడం నాకు ఇష్టం లేదు, నీకూ ఉండదని తెలుసు.

బిల్లు నీ పేరు మీద ఉంది. 34,500లో 20,000 నువ్వు ట్యూషన్లు చెప్పి కూడబెట్టినవి. కాబట్టి 30 శాతం తీసుకుని వదిలెయ్యాలా, కమిషన్‌కి వెళ్ళాలా అన్నది నువ్వే చెప్పాలి. చదువు మధ్యలో ఈ టెన్షన్ వద్దనుకుంటే నేనేమీ అనుకోను. వెళ్దామంటే తిరిగే పని నాది. మెయిల్‌లో ఉన్న బిల్లు, నా పేరు మీద ఒక అధికార పత్రం, ఆ సాయంత్రం ఏం జరిగిందో నీ మాటల్లో ఒక పేజీ పంపు. జూలైలో విన్న శబ్దం గురించి, నేను ఆయిల్ వెయ్యమన్న సంగతి గురించి కూడా అందులో రాయి.

ఫ్రేమ్‌ని నీ పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టాను. దసరాకి అమ్మ అది కూడా తుడవబోతే ఆపాను. ఆ జిడ్డు అలాగే ఉండాలి.

మోచేతి మీద మచ్చ తగ్గిందా? ఆదివారం వీడియో కాల్‌లో చూపించు.

నాన్న
మత్తికెరె, బెంగళూరు