నాన్న కన్నూ, నా స్క్రిప్టూ

ఒరేయ్ శీనూ,

తిట్టుకుంటూనే ఉండుంటావు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఆదివారం రాద్దాం, పండగ వెళ్ళాక రాద్దాం అనుకుంటూ ఇక్కడిదాకా వచ్చింది. ఈసారి కలిసినప్పుడు వీపు మీద రెండేసుకో, ఊరుకుంటాను. ఇక్కడ అందరం బాగున్నాం. చెల్లి కూతురు పదో తరగతికొచ్చింది. మోటారు మళ్ళీ కాలింది, మళ్ళీ చుట్టించాం. నా ట్రాన్స్‌ఫర్ సంగతి అడగకు. వార్తలు సమాప్తం. అసలు సంగతి కడుపులో ఆగట్లేదు, అది చెప్పాలి.

నాన్నకి కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించాం. లెన్స్ పెట్టారు, అద్దాలు నెల తర్వాత రాస్తామన్నారు. ఆ నెల రోజులూ ఈయన్ని ఆపడం ఎవరి తరం? రిటైరయ్యాక తెలుగు వికీసోర్స్‌లో పడ్డారని చెప్పాను కదా. పాత పుస్తకాల స్కాన్ పుటలు ఒక పక్క, మెషిన్ చదివిన అక్షరాలు ఇంకో పక్క పెట్టుకుని తప్పులు దిద్దుతుంటారు. దిద్దిన పుట పసుపు రంగులోకి వస్తుంది, దాన్ని ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. రోజుకి పది పుటలు పసుపు చేయకపోతే ఆయనకి అన్నం సయించదు.

"అక్షరాలు చిన్నగా ఉన్నాయిరా, పెద్దవి చెయ్యి" అన్నారు. అంతే. నాలో ఇంజనీరు నిద్రలేచాడు. వాడు లేస్తే ఏమవుతుందో హాస్టల్ ఫ్యాన్‌ని అడుగు.

సిస్టంలో ఉన్నది ఉబుంటు, విండోస్ లాంటిదే. తెర 1920×1080, అంటే అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. నేను వేసిన పథకం ఏమిటంటే, డెస్క్‌టాప్ మీద ఒక బొమ్మ. దాన్ని నొక్కితే వెనక ఒక చిన్న స్క్రిప్టు (వరసగా నడిచే కమాండ్ల చిట్టా) నడిచి ఇప్పుడున్న రిజల్యూషన్, అంటే ఆ చుక్కల లెక్క, ఎంతో చూస్తుంది. పెద్దదైతే తగ్గిస్తుంది (లెక్క తగ్గితే తెర మీద అక్షరాలు పెద్దవవుతాయి), తగ్గించి ఉంటే మళ్ళీ యథాస్థానానికి తెస్తుంది. ఎక్స్‌రాండర్ అనే కమాండ్ కొడితే తెరకి చేతనైన కొలతలన్నీ జాబితాగా ఇస్తుంది. ప్రస్తుతం నడుస్తున్నదాని పక్కన నక్షత్రం గుర్తు, తెర తనకి ఇష్టమని చెప్పుకున్నదాని పక్కన ప్లస్ గుర్తు ఉంటాయి. నక్షత్రం ఉన్న వరస పట్టుకుంటే చాలు, తనిఖీ అయిపోయినట్టే. మొత్తం పన్నెండు వరసల స్క్రిప్టు. అయితే ఉబుంటు తెర మీద బొమ్మ వేయడానికి రెండు పద్ధతులున్నాయి, పాతది ఎక్స్‌ఆర్గ్, కొత్తది వేలాండ్. నా స్క్రిప్టు పాత ఎక్స్‌ఆర్గ్ పద్ధతిలోనే పనిచేస్తుంది. మా ఉబుంటు వేలాండ్‌తో తెరుచుకుంటే ఎక్స్‌రాండర్ చూపిస్తుందే గానీ మార్చదు. ఒక సాయంత్రమంతా దానికే పోయింది. చివరికి లాగిన్ తెర మూల ఉన్న పళ్ళచక్రం నొక్కి ఎక్స్‌ఆర్గ్ ఎంచుకుంటే దారికొచ్చింది.

తర్వాత నా అతితెలివి. నా పాత ల్యాప్‌టాప్ కొలత 1366×768 మీద మమకారం. జాబితాలో అది లేదు. లేకపోతేనేం, సీవీటీ అని ఇంకో కమాండ్ ఉంది, కొలత ఇస్తే దానికి కావాల్సిన లెక్కలు కట్టి ఇస్తుంది. 1366 అడిగితే 1368 ఇచ్చింది! మళ్ళీ అడిగాను, మళ్ళీ 1368. అది అడ్డం కొలతని ఎనిమిదేసి చొప్పున లెక్కేస్తుందట, 1366 ఎనిమిదితో తెగదు. మన మెస్ మేనేజరు చిల్లర గుర్తొచ్చింది. సరే 1368 అనే కొత్త కొలత చేర్చి, దానికి మార్చాను. తెర నల్లబడింది. మధ్యలో "అవుట్ ఆఫ్ రేంజ్" అని ఒక డబ్బా ఇటూ అటూ తిరుగుతోంది. సెట్టింగ్స్‌లోంచి మారిస్తే "ఇలాగే ఉంచనా?" అని అడుగుతుంది, జవాబు చెప్పకపోతే కాసేపటికి అదే వెనక్కి వెళ్ళిపోతుంది. మన సొంత స్క్రిప్టుకి ఆ దయ ఎక్కడిది? అలా చేసిన మార్పు రీస్టార్ట్ చేస్తే నిలవదు కాబట్టి బతికిపోయాను. అప్పుడు బుద్ధొచ్చి, 15 సెకన్లలో ఎంటర్ కొట్టకపోతే పాత కొలతకి తిరిగొచ్చేలా రాశాను. జాబితాలో ఉన్న 1280×720తోనే సరిపెట్టుకున్నాను. (1024×768 కూడా పెట్టి చూశాన్రా. తెలుగు అక్షరాలన్నీ పెనం మీద నొక్కిన దిబ్బరొట్టెల్లా అయ్యాయి.)

బొమ్మకి "పెద్దక్షరాలు" అని పేరు పెట్టి, నొక్కి చూపించాను. నాన్న చూసి "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" దగ్గరే నాకు వెలగాల్సింది.

వారం రోజులు ఇల్లు మూగబోయింది. నాన్న పేపరు పక్కన పడేయడం, కిటికీ దగ్గరికెళ్ళి ఒక కన్ను మూసి వేపచెట్టుని చూడడం, మళ్ళీ కన్ను మార్చడం. చుక్కల మందు అప్పుడే అయిపోయిందేమిటని అమ్మకి అనుమానం. ఈయన రోజుకి రెండుసార్లు ఎక్కువ వేసుకుంటున్నారు! వికీసోర్స్‌లో ఎవరో మర్యాదగా, ఈ పుటలు మరోసారి చూడండి మాస్టారూ అని రాశారట. థ కడుపులో చుక్క కనపడక ధ చేసేశారు, వ బదులు న పడింది. "కథ" ఉన్న చోటల్లా "కధ". నాన్న! ఊళ్ళో పెళ్ళి శుభలేఖల్లో తప్పులు దిద్దే నాన్న!

ఒక రాత్రి భోజనాల దగ్గర నెమ్మదిగా అడిగారు. "ఒరేయ్, కంట్లో పెట్టే లెన్సుకి గ్యారంటీ ఏమన్నా ఉంటుందా?"

నవ్వాన్రా. ఇప్పటికీ ఆ నవ్వు తలుచుకుంటే... సరేలే. ఆయన నవ్వలేదు. ఆపరేషన్ పాడైపోయిందని, మాకు చెబితే ఖర్చుకి కంగారుపడతామని వారమంతా లోపలే దాచుకున్నారు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కించి తీసుకెళ్ళాను. దారంతా ఆయన కిటికీలోంచి బోర్డులన్నీ గడగడా చదువుతున్నారు, నా బుర్రకి తట్టలేదు. డాక్టరుగారు గోడ మీద అట్ట చూపించారు. ఈయన కింది వరస దాకా చదివేశారు.

"మరి ఎక్కడ మసకండీ?"

"కంప్యూటర్లో."

డాక్టరుగారు మెల్లిగా నావైపు తిరిగారు. "దాన్నేమన్నా మార్చారా?"

ఆ గదిలో భూమి చీలితే బాగుండునని... నువ్వు వైవాలో కోరుకున్నావే, ఆ కోరికే నాకూ కలిగింది.

ఇప్పుడు నీకు అర్థమయ్యే ఉంటుంది. ఎల్‌సీడీ తెర మీద చుక్కలు పుట్టుకతోనే లెక్క కట్టి ఉంటాయి, అడ్డంగా 1920. నేను 1280 పంపిస్తే ఒక్కో చుక్కని ఒకటిన్నర చుక్కల మేర పరచాలి. అర చుక్క వెలిగించడం కుదరదు కదా, పక్కదానితో కలిపి బూడిద రంగు పూస్తుంది. ఇంగ్లీషు నిలువు గీతలైతే ఎలాగో నెట్టుకొస్తాయేమో గానీ, మన గుండ్రటి అక్షరాలు, వాటి కింద వత్తులు, కడుపులో చుక్కలు... అన్నీ అలుక్కుపోయాయి. అక్షరం పెద్దదైంది, మసకా పెద్దదైంది. ఇద్దరం కలిసి కంటిని అనుమానించాం. కాదు, ఆయన అనుమానించారు. నేను నా స్క్రిప్టు చూసుకుని మురిసిపోతున్నాను.

ఇంటికి రాగానే తిరగరాశాను. ఇప్పుడు స్క్రిప్టు ముందు రిజల్యూషన్ చూస్తుంది, 1920×1080 కాకపోతే తిరిగి అక్కడికే తెస్తుంది, ఇక దాన్ని ముట్టుకోదు. అక్షరాల కొలత ఒక్కటే ఒకటిన్నర రెట్లు చేస్తుంది, దానికి గ్నోమ్‌లో (ఉబుంటు డెస్క్‌టాప్ పేరది) వేరే మీట ఉంది. నాన్న కూర్చుని, కళ్ళద్దాల్లేకుండా థ కడుపులో చుక్క మీద వేలు పెట్టి చూపించారు. ఏమీ అనలేదు. పసుపు చేసిన పుటలన్నీ మళ్ళీ తెరిచి మొదటినుంచీ దిద్దుతున్నారు.

ఇంతకన్నా అవమానం ఇంకోటుంది. చెల్లి కూతురొచ్చి, "మామయ్యా, సెట్టింగ్స్‌లో లార్జ్ టెక్స్ట్ అని ఉంది కదా, ఒక్కసారి నొక్కితే పోయేది" అంది. నిజమేరా. ఉంది. అది 1.25 రెట్లే చేస్తుందిలే, నాది ఒకటిన్నర అని వాదించాను. పిల్ల జాలిగా చూసింది.

నీ ఇల్లు కట్టడం ఎంతవరకొచ్చింది? స్లాబు పడిందా? అడగాల్సినవి చాలా... ఆగు, నాన్న వచ్చి వెనకాల నిలబడ్డారు. సిస్టం కావాలట. ఇదంతా ఆ పెద్దక్షరాల్లోనే టైపు చేస్తున్నాను కదా, అక్కణ్ణుంచే చదివేస్తున్నారు. "గ్యారంటీ సంగతి కూడా రాశావా" అంటున్నారు. పైన "అద్దాలు నెల తర్వాత" దగ్గర ఏదో తప్పుందట, లేవమంటున్నా