జూనియర్ సైట్ ఇంజినీరుకు పని గంటలు ఉండవా?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న ఆకాశహర్మ్యాల్లో ఒకదాని నిర్మాణంలో, ఒక పెద్ద సంస్థ తరఫున జూనియర్ సైట్ ఇంజినీరుగా మూడేళ్లుగా పనిచేస్తున్నాను. భవన నిర్మాణ కార్మికుల కష్టాలపై పత్రికల్లో అప్పుడప్పుడైనా చర్చ జరుగుతోంది; అది ఇంకా జరగాలి. వారి పక్కనే నిలబడి, పోసే ప్రతి స్లాబుకూ సంతకం పెట్టే మావంటి వారి పని గంటల సంగతి మాత్రం ఎవరి దృష్టికీ రావడం లేదు.

నగరంలో పగటిపూట భారీ వాహనాలపై ఆంక్షలు ఉన్నందున మా సైటుకు రెడీమిక్స్ కాంక్రీటు లారీలు ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి. ఉదయం ఎనిమిదింటికి వచ్చి ఇనుము కట్టుబడిని, షట్టరింగును సరిచూసి సాయంత్రం పోర్ కార్డుపై (కాంక్రీటు పోయడానికి అనుమతించే పత్రంపై) సంతకం చేసిన ఇంజినీరే రాత్రంతా కాంక్రీటు పోయించి, స్లంప్ (తడి కాంక్రీటు ఎంత జారుతుందో) కొలిచి, బలం పరీక్షకు క్యూబులు తీయించి, తెల్లవారాక గది చేరుకుంటాడు. రెండు మూడు గంటల్లో మళ్లీ హాజరు వేయించుకోవాలి. గత వర్షాకాలంలో అలాంటి రాత్రి గడిచిన మర్నాడే, ఒక దూలంలో పై కడ్డీ ఒకటి తక్కువ ఉన్నా గమనించక సంతకం చేసేశాను. కాంక్రీటు పడకముందే రాడ్ బెండింగ్ మేస్త్రీ చూసి చెప్పబట్టి సరిదిద్దగలిగాం. ఆ సంతకం ఇప్పటికీ నన్ను వెంటాడుతోంది. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఆరు మీటర్లు దాటిన దూలం కింద ప్రాపులను (ఆసరా స్తంభాలను) సాధారణంగా 21 రోజులు ఉంచాలి. ముందే విప్పుతామని సబ్‌కాంట్రాక్టరు పట్టుబట్టినప్పుడు కాదని చెప్పవలసిన మనిషికి నిద్ర కూడా భద్రతలో భాగమే.

1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, పర్యవేక్షక హోదాలో నెలకు 1,600 రూపాయలకు మించి జీతం తీసుకునేవారిని కార్మికులుగా గుర్తించలేదు. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి (కోడ్) ఆ పరిమితిని 18,000కు పెంచింది. డిగ్రీతో నాతోపాటు చేరిన వారందరి జీతమూ ఈ గీతకు కాస్త పైనే ఉంది కాబట్టి రోజుకు ఎనిమిది గంటల పరిమితి గానీ, అదనపు గంటలకు రెట్టింపు వేతనం గానీ మాకు వర్తించవని మా కార్యాలయం చెబుతోంది. పర్యవేక్షకుడని పేరే గానీ, ఒకరిని పనిలో పెట్టుకునే అధికారమూ, కాస్టింగును (కాంక్రీటు పోసే పనిని) ఒక్కరోజు వాయిదా వేసే అధికారమూ నాకు లేవు.

చట్టాన్ని సవరించకుండానే ఈ 18,000 పరిమితిని మార్చుతూ నోటిఫికేషన్ ఇచ్చే అధికారాన్ని స్మృతి కేంద్ర ప్రభుత్వానికే ఇచ్చింది. జూనియర్ ఇంజినీర్ల వాస్తవ జీతాలను చూసి దానిని పెంచాలని కోరుతున్నాను. రాష్ట్ర కార్మిక శాఖ తనిఖీలకు వచ్చినప్పుడు కార్మికుల మస్టరుతో పాటు మా హాజరు వేళలనూ, పోర్ కార్డులపై ఉన్న సంతకాల తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రాత్రి కాస్టింగులో ఉన్నవారు కనీసం 12 గంటల విశ్రాంతి తర్వాతే మరో పోర్ కార్డుపై సంతకం చేయాలనే నియమాన్ని పెట్టుకోవడానికైతే సంస్థలు ఏ ఉత్తర్వు కోసమూ ఎదురుచూడనక్కర లేదు.

– ఒక సైట్ ఇంజినీరు, హైదరాబాద్