వంశపారంపర్య జబ్బుల గురించి సగమే రాస్తే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

వంశపారంపర్య జబ్బుల మీద మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. పరీక్షల గురించి, మందుల గురించి బాగానే రాశారు, కాదనను. కానీ మొదటి నుంచి చివరి దాకా 'లోపం ఉన్న జన్యువు', 'చెడ్డ జన్యువు' అనే మాటలే. అంత చెడ్డదైతే వేల ఏళ్లుగా మనుషుల్లో ఎలా మిగిలింది? పిల్లల్ని కనే వయసు రాకముందే మనిషి ప్రాణం తీసే జబ్బు తాలూకు జన్యువు ఎప్పుడో తుడిచిపెట్టుకుపోవాలి కదా! ఈ ప్రశ్న వ్యాసంలో ఎక్కడా లేదు. నాకు మాత్రం అసలు సంగతి అక్కడే ఉందనిపిస్తుంది, అందుకే ఈ ఉత్తరం.

సికిల్ సెల్ జబ్బునే తీసుకోండి. ఎర్ర రక్తకణాల్లో ఆక్సిజన్ మోసే ప్రోటీన్ హిమోగ్లోబిన్. దాంట్లోని ఒక గొలుసులో ఆరో స్థానంలో ఒక అమైనో ఆమ్లం బదులు ఇంకోటి వస్తుంది, మారేది అంతే. అమ్మ నుంచి, నాన్న నుంచి ఇద్దరి దగ్గర్నుంచీ ఆ మారిన జన్యువే వస్తే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, ఆ నొప్పి ఎలాంటిదో పడ్డవాళ్లకే తెలుసు. ఒక్కరి నుంచే వస్తే మాత్రం మనిషి దాదాపు మామూలుగానే బతుకుతాడు, పైగా మలేరియా ముదిరి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం అతనికి 90 శాతం దాకా తక్కువ. ఎందుకంటే మలేరియా పరాన్నజీవి ఎర్ర కణంలోకి దూరి పెరగడం మొదలుపెట్టేసరికి లోపల ఆక్సిజన్ తగ్గి, ఈ రకం హిమోగ్లోబిన్ పోగులు పోగులుగా అతుక్కుపోయి, కణం వంగిపోతుంది. వంగిన కణాన్ని రక్తాన్ని వడపోసే ప్లీహం పట్టుకుని, లోపలున్న పరాన్నజీవితో సహా నాశనం చేసేస్తుంది. అలా దొరకని కణాల్లో కూడా ఆక్సిజన్ తక్కువగా ఉన్న చోట పరాన్నజీవి ఎదుగుదల నిలిచిపోతుంది.

ఇది ఊహ కాదు. ఆంథొనీ అలిసన్ అనే డాక్టర్ తూర్పు ఆఫ్రికాలో తిరిగి చూస్తే, మలేరియా ఎక్కువగా ఉండే కెన్యా సముద్రతీరంలోనూ విక్టోరియా సరస్సు చుట్టుపక్కలా ఈ జన్యువు ఉన్నవాళ్లు నూటికి 20 మందికి పైగా కనిపించారు, దోమలు అంతగా లేని ఎత్తు ప్రాంతాల్లో నూటికి ఒక్కరు కూడా లేరు. దీనికి మలేరియాతో ఉన్న సంబంధాన్ని ఆయన 1954లో ప్రచురించారు. హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని తలసేమియా జబ్బు వెనక కూడా మలేరియానే ఉండొచ్చని హాల్డేన్ అనే శాస్త్రవేత్త అంతకు ముందే, 1949లో అన్నారు. ఎర్ర రక్తకణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపానిదీ ఇదే దారి. ఇంకొకటి ఏపీఓఎల్1 జన్యువు. ఆఫ్రికా మూలాలున్న వాళ్లలో దీని మారిన రూపం ఒక్కటి ఉంటే సెట్సీ ఈగ మోసుకొచ్చే నిద్ర జబ్బులో ఒక రకం నుంచి కాపాడుతుంది, రెండు ఉంటే కిడ్నీలు పాడయ్యే ప్రమాదం పెరుగుతుంది.

ఇక ఆటో ఇమ్యూన్ జబ్బులు. మా చెల్లెలికి లూపస్ అని తేలిన రోజు నుంచీ ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, 'ఎవరి వైపు నుంచి వచ్చింది?' అని. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా అమ్మ ముఖం చూడలేం. వాళ్లకి నేను చెప్పాలనుకునేది ఇది: ఒంట్లో రోగాలతో పోరాడే శక్తే దారి తప్పి మన మీదికే తిరగడం ఈ జబ్బు, ఆ శక్తి అంత పదునుగా తయారవడానికి కారణం మన ముందు తరాల వాళ్లు అంటురోగాల మధ్య బతికి బయటపడాల్సి రావడం. 2022లో కొందరు పరిశోధకులు లండన్‌లోని ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్ ప్లేగు శ్మశానంలో దొరికిన ఎముకల నుంచీ, డెన్మార్క్‌లో దొరికిన ఎముకల నుంచీ డీఎన్‌ఏ తీసి, 14వ శతాబ్దపు మహా ప్లేగుకు ముందు చనిపోయినవాళ్లనీ తర్వాత చనిపోయినవాళ్లనీ పోల్చారు. ఈఆర్‌ఏపీ2 అనే జన్యువులో ఒక రూపం ప్లేగు నుంచి కాపాడిందని వాళ్ల వాదన. అదే రూపం ఇవాళ పేగుల్లో వచ్చే క్రోన్స్ జబ్బుకు అవకాశం పెంచుతోంది. ఆ లెక్కల్ని తర్వాత కొందరు ప్రశ్నించారు కూడా, కాబట్టి తేలిపోయిన విషయమని అనను.

నాకు ఇంతకన్నా గట్టిగా అనిపించే ఉదాహరణ టీవైకే2. ఈ జన్యువులో ఒక రూపం రోగనిరోధక వ్యవస్థను కొంచెం మందగింపజేస్తుంది. అది ఉన్నవాళ్లకు చాలా ఆటో ఇమ్యూన్ జబ్బులు తక్కువ, కానీ తల్లిదండ్రులిద్దరి నుంచీ అదే వస్తే టీబీ ప్రమాదం ఎక్కువ. పాత ఎముకల డీఎన్‌ఏ చూస్తే గత 2000 ఏళ్లలో యూరప్‌లో ఆ రూపం బాగా తగ్గిపోయింది, టీబీయే దాన్ని ఏరేసిందని పరిశోధకులు అంటున్నారు. అంటే ఒక వైపు తగ్గించుకుంటే ఇంకో వైపు పెరుగుతుంది. ఇంత తెలిశాక, 'ఇమ్యూనిటీ పెంచుకోండి' అంటూ పొడులూ మాత్రలూ అమ్మే ప్రకటనలు ఆరోగ్యం పేజీలోనే చూస్తే టెన్షన్ వస్తుంది. లూపస్ ఉన్న మనిషికి ఆ మాట ఎంత తప్పుదారి పట్టించేదో ఆలోచించండి.

అలాగని ప్రతి జబ్బు వెనకా ఏదో మేలు దాగి ఉందని రాసెయ్యడం కూడా సరి కాదు. రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా చాలాసార్లు అప్పటికప్పుడు కొత్తగా పుట్టిన మార్పు, దానివల్ల ఎవరికీ లాభం ఉన్నట్టు కనిపించదు. మెదడును క్రమంగా దెబ్బతీసే హంటింగ్టన్ జబ్బు సాధారణంగా పిల్లలు పుట్టేశాక, నడివయసులో బయటపడుతుంది కాబట్టి మిగిలిపోయింది. ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకుపోయే సిస్టిక్ ఫైబ్రోసిస్ జబ్బు జన్యువు కలరా నుంచో టీబీ నుంచో కాపాడి ఉంటుందని ఎన్నో ఏళ్లుగా అంటున్నా గట్టిగా రుజువు కాలేదు. పైగా లాభం ఉన్న చోట కూడా అది దక్కింది ఒకరికి, నొప్పి పడుతున్నది ఇంకొకరు. మలేరియా లేని చోట పుట్టిన సికిల్ సెల్ పిల్లవాడికి 'నీ జబ్బు మీ ముత్తాతల్ని కాపాడింది' అంటే ఏం ఊరట? వాడికి కావలసింది మందు.

ఈసారి రాసేటప్పుడు కనీసం ఈ ఒక్క లెక్క పెద్ద అక్షరాల్లో వెయ్యండి: సికిల్ సెల్, తలసేమియా లాంటి జబ్బుల్లో జన్యువును ఒక్కరి నుంచే పొందిన క్యారియర్ రోగి కాదు. ఇద్దరు క్యారియర్లు ఒకరినొకరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, జబ్బు లేకుండా క్యారియర్ అయ్యే అవకాశం సగం, ఏమీ రాకపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ జబ్బుల్లో అది ఇద్దరి నుంచీ సమానంగా వస్తుందని, 'ఎవరి వైపు' అనే ప్రశ్నకే చోటు లేదని కూడా పక్కనే రాయండి. పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో ఎవరైనా జెనెటిక్ కౌన్సెలర్‌తో రాయిస్తే ఇంకా మంచిది.

ఇట్లు,
మీ పాఠకురాలు