సెగాంతీని వేసినవి చుక్కలు కావు, గీతలు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో ఇటలీ చిత్రకారుడు జొవాన్నీ సెగాంతీని (1858–1899) గురించి వచ్చిన వ్యాసం చదవదగ్గది. కాని 'రంగు చుక్కలతో బొమ్మలు వేశాడు' అన్న మాట మాత్రం సరికాదు. చుక్కలు పెట్టింది పారిస్ చిత్రకారుడు జార్జ్ సోరా. సెగాంతీని లాగినవి గీతలు, దారప్పోగుల్లాంటి సన్నటి పొడుగాటి గీతలు. ఈ తప్పులో వ్యాసకర్త కన్నా మీరు అచ్చేసిన బొమ్మ వాటా ఎక్కువ.

లెక్క చూడండి. గొర్రెలతో నిండిన పడవ సరస్సు దాటుతున్న 'ఆవే మరియా' అసలు పటం వెడల్పు 120 సెం.మీ. మీరు దాన్ని పత్రికలో రెండు కాలమ్‌ల వెడల్పులో, సుమారు 8 సెం.మీ.కు కుదించారు. అంటే పదిహేనో వంతు. 2 మి.మీ. గీత ఒకటి ఉందనుకుంటే, అది 0.13 మి.మీ. అవుతుంది. పత్రికలో బొమ్మ అచ్చయ్యేది సన్నటి సిరా చుక్కల వరసలుగా; న్యూస్‌ప్రింటు మీద అంగుళానికి 100 వరసల లెక్కన అచ్చు చుక్కకూ చుక్కకూ మధ్య దూరమే 0.25 మి.మీ. ఇక గీత ఎలా కనిపిస్తుంది? పాఠకుడు చూసింది మీ ప్రెస్సు చుక్కల్ని.

ఆయన పద్ధతి ఏమిటో ఉత్తరాల్లో ఆయనే రాసిపెట్టాడు. ముందు కాన్వాసు మొత్తానికీ జేగురు రంగు పూస్తాడు. తెల్లటి నేల మీద ఏ రంగు పెట్టినా ఉన్నదానికన్నా ముదురుగా కనబడి కన్ను మోసపోతుంది, అందుకు. దాని మీద ఆకారాల అంచులు గీసుకుంటాడు. తర్వాత సన్నని కుంచెతో గీత పక్కన గీత, మధ్యలో సందు వదులుతూ. ఆ గీతల రంగు ఇంకా పచ్చిగా ఉండగానే సందుల్లో ఎదురు రంగు నింపుతాడు: నీలం పక్కన నారింజ, పసుపు పక్కన ఊదా. పాలెట్ మీద రంగులు కలపడం నలుపు వైపు నడవడమేనని ఆయన అభిప్రాయం; అందుకే వాటిని పక్కపక్కన పెట్టి, కలిపే పని చూసేవాడి కంటికి వదిలాడు. పడుగు నీలం, పేక ఆకుపచ్చ వేసి నేసిన నెమలికంఠం చీర చూసినవాళ్లకు దీన్ని వేరే విడమరచి చెప్పక్కర్లేదు.

ప్రయత్నించే విద్యార్థులు తప్పేది కూడా ఈ సందుల దగ్గరే. పచ్చి నీలం మీదికి నారింజ కుంచె జారితే రెండూ కలిసి బూడిద గోధుమ బురద అవుతుంది. ప్రతి గీతకూ కుంచె తుడవాలి, కుంచెను పక్కకు రుద్దకుండా ఒకే లాగుడుతో ఎత్తేయాలి. సందు మరీ వెడల్పయితే జేగురు పైకొచ్చి పటమంతా ఎర్రబారుతుంది. గీతలు మరీ సన్నమైనా చిక్కే: నాలుగడుగులు వెనక్కి జరిగేసరికి ఎదురు రంగులు ఒకదాన్నొకటి చంపుకుని బూడిద మిగులుతుంది. గీత దిశ కూడా ముఖ్యం. సెగాంతీని గీత వస్తువు ఎటు సాగితే అటు సాగుతుంది. గడ్డి ఒక తీరు, గొర్రె బొచ్చు ఒక తీరు. చుక్కకు దిశ లేదు, అసలు తేడా అక్కడే ఉంది.

ఈ పద్ధతి ఆయనకు మొదటినుంచీ లేదు. 1882 నాటి మొదటి 'ఆవే మరియా' మామూలుగా కలిపిన రంగులతో వేసిందే, మరుసటేడు ఆమ్‌స్టర్‌డామ్‌లో దానికి బంగారు పతకం కూడా వచ్చింది. 1886లో స్విట్జర్లాండ్‌లోని సవోన్యిన్‌కు మకాం మార్చాక, తన పటాల వ్యాపారి విత్తోరే గ్రూబిసీ చెప్పిన మీదట అదే బొమ్మను గీతల్లో మళ్లీ వేశాడు. పతకం తెచ్చిన పటాన్ని తిరగవేయడానికి గుండె ధైర్యం కావాలి.

వ్యాసంలో ఆయన్ని 'స్విస్ చిత్రకారుడు' అనడమూ పొరపాటే. పుట్టిన ఆర్కో అప్పటికి ఆస్ట్రియా ఏలుబడిలో ఉంది, చదువు మిలాన్‌లోని బ్రేరా అకాడమీలో, చివరి పదమూడేళ్లు స్విట్జర్లాండ్‌లో. ఏ దేశపు పౌరసత్వమూ లేకుండానే, 'ప్రకృతి' పటం ముగించాలని షాఫ్‌బెర్గ్ కొండ మీదికెక్కి, అక్కడే పెరిటోనైటిస్‌తో (కడుపు లోపలి పొర వాపుతో) 1899 సెప్టెంబర్ 28న కన్నుమూశాడు. అప్పటికి 41 ఏళ్లు.

మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి వ్యాసంలో రానేలేదు: లివర్‌పూల్ వాకర్ గ్యాలరీలో మంచు మీద తేలే స్త్రీల పటానికి ఆధారం ఇటలీ రచయిత లుయీజీ ఇల్లికా కవిత 'నిర్వాణ'. అది ఒక భారతీయ కావ్యానికి అనుసరణ అని ఇల్లికా చెప్పుకున్నాడు.

ఈసారి ఆయన పటం వేసేటప్పుడు మొత్తం బొమ్మ పక్కనే, ఒక గొర్రె వీపు ముక్కను 8 సెం.మీ. చదరంగా అసలు సైజులో అచ్చేయండి. సెయింట్ మోరిట్జ్‌లోని ఆయన మ్యూజియం దాకా వెళ్లలేని పాఠకుడు కూడా గీతలు లెక్కపెట్టుకోగలడు.

— ఒక డ్రాయింగు మాస్టారు, విజయనగరం