చిన్నీకి, బిన్‌లాగ్ బ్యాకప్ చదవడం గురించి

చిన్నీ,

అమ్మ ఆశీస్సులు. వచ్చే సోమవారం నుంచి ఆన్‌కాల్ (సర్వర్‌కి ఏమైనా అయితే ఏ వేళైనా పలకాల్సిన డ్యూటీ) నీదేనన్నావు కదా. పూర్తి బ్యాకప్ రీస్టోర్ చేయడం నీకు వచ్చు. ఆ తర్వాత ఎక్కించాల్సిన మైఎస్‌క్యూఎల్ బిన్‌లాగ్ ఫైళ్లను, అంటే డేటాబేస్‌లో జరిగిన మార్పులు వరసగా నమోదయ్యే ఫైళ్లను, తెరిచి చదవడం గురించి రాస్తున్నాను. ఎక్కించడం కంటే ముందు చదవడం రావాలి తల్లీ. చదవకుండా ఎక్కిస్తే, పొరపాటున జరిగిన ఏ డిలీట్‌ను వదిలించుకోవాలనుకున్నామో అదే మళ్లీ జరుగుతుంది.

బ్యాకప్‌లో ఉన్న అసలు ఫైల్ మీద చెయ్యి వేయకు. కాపీ తీసి, జిప్ విప్పి, అప్పుడు మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్ కమాండ్‌కి ఇవ్వు. జిప్ విప్పకుండా ఇస్తే "ఇది బైనరీ లాగ్ ఫైలే కాదు" అంటుంది. అనుమానం వస్తే హెక్స్‌డంప్‌తో (ఫైల్‌లోని బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపే టూల్) మొదటి 4 బైట్లు చూడు: ఎఫ్ఈ, ఆ వెనక బి, ఐ, ఎన్ అక్షరాలు ఉండాలి. మొదటి ఈవెంట్ (లాగ్‌లో ఒక్కో నమోదు) 4వ పొజిషన్ (ఫైల్ మొదటి నుంచి లెక్కపెట్టిన బైట్ల సంఖ్య) దగ్గర మొదలయ్యేది అందుకే. ఎఫ్ఈ బదులు ఎఫ్‌డీ కనిపిస్తే అది ఎన్‌క్రిప్ట్ అయిన ఫైల్. మైఎస్‌క్యూఎల్ 8.0.14 నుంచి ఈ సదుపాయం ఉంది. అలాంటి ఫైల్‌ను ఈ టూల్ నేరుగా చదవలేదు, సర్వర్‌కి కనెక్ట్ అయి రీడ్-ఫ్రమ్-రిమోట్-సర్వర్ ఆప్షన్‌తో చదివించుకోవాలి. అదే ఆప్షన్‌కి రా (raw) అనే ఇంకో ఆప్షన్ జోడించి తీసిన బ్యాకప్ మాత్రం ఎన్‌క్రిప్షన్ లేకుండానే డిస్క్ మీద పడుతుంది. కాబట్టి ఆ ఫోల్డర్‌కి పర్మిషన్లు బిగించి ఉంచాలి.

టూల్ వెర్షన్ సర్వర్ వెర్షన్‌కి తక్కువ కాకుండా చూసుకో. 8.0.20లో ట్రాన్సాక్షన్ (ఒకే మూటగా నడిచే మార్పులు) కంప్రెషన్ వచ్చింది, అంతకన్నా పాత టూల్ ఆ ఈవెంట్లను విప్పలేదు. కమాండ్ మొదలవగానే "తెలియని వేరియబుల్, డిఫాల్ట్-క్యారెక్టర్-సెట్" అని ఆగిపోతే ఫైల్‌లో లోపం వెతకకు. నీ కాన్ఫిగ్ ఫైల్‌లో క్లయింట్ సెక్షన్ కింద ఉన్న ఆ లైన్ ఈ టూల్‌కి అర్థం కాదు, అంతే. నో-డిఫాల్ట్స్ ఆప్షన్ ఇవ్వు. అది అన్నిటికన్నా ముందు ఉండాలి, మధ్యలో పెడితే పనిచేయదు.

ఇప్పుడు అసలు చదవడం. ఏ ఆప్షనూ లేకుండా తెరిస్తే అర్థంకాని బేస్64 అక్షరాల ముద్దలు కనిపిస్తాయి. 5.7.7 నుంచి సర్వర్ డిఫాల్ట్‌గా రో (టేబుల్‌లోని ఒక్కో వరస) ఫార్మాట్‌లోనే రాస్తుంది కదా, ఆ ముద్దలు ఆ రోలే. బేస్64-అవుట్‌పుట్‌ని డికోడ్-రోస్ అని పెట్టి, వెర్బోస్ జోడించు. అప్పుడు ప్రతి ఈవెంట్ పైన "# ఎట్ 4521" లాంటి లైన్, దాని కింద తేదీ, టైమ్, సర్వర్ ఐడీ, ఆ ఈవెంట్ ఎక్కడ ముగుస్తుందో చెప్పే ఎండ్-లాగ్-పాస్ వస్తాయి. డిలీట్ అయిన రో అయితే మూడు హ్యాష్‌ల వెనక డిలీట్ ఫ్రమ్, టేబుల్ పేరు, వేర్, ఆ తర్వాత @1=48213, @2=… అని వరసగా ఉంటుంది. కాలమ్ పేర్లు ఉండవు, టేబుల్‌లో ఎన్నో కాలమో ఆ నంబరే. ఇవాళ్టి టేబుల్ నిర్మాణం పక్కన పెట్టుకుని చదివితే, మధ్యలో ఆల్టర్ (టేబుల్ నిర్మాణం మార్చే కమాండ్) జరిగి ఉన్నప్పుడు ఒక కాలమ్ విలువ ఇంకో కాలమ్‌కి అంటగడతావు. ఆ రోజుటి నిర్మాణం పూర్తి బ్యాకప్‌లోంచి తీసుకో. టైమ్‌స్టాంప్ కాలమ్ తేదీలా కనపడదు, 1970 నుంచి లెక్కపెట్టిన సెకన్లుగా వస్తుంది. అన్‌సైన్డ్ కాలమ్‌లో పెద్ద విలువ ఉంటే ముందు మైనస్ సంఖ్య, పక్కన బ్రాకెట్లో అసలు సంఖ్య ఇస్తుంది. చూసి కంగారుపడకు.

రో ఇమేజ్ సెట్టింగ్ (రోలో ఎంత భాగం లాగ్‌లో రాయాలో చెప్పేది) ఫుల్‌లో ఉంటేనే పోయిన రో మొత్తం అందులో దొరుకుతుంది. మినిమల్‌లో ఉంటే ప్రైమరీ కీ తప్ప ఏమీ మిగలదు. మీ సర్వర్‌లో ఇది ఎలా ఉందో ఇవాళే చూడు.

టైమ్ విషయంలో చాలామంది తప్పటడుగు వేస్తారు. స్టార్ట్-డేట్‌టైమ్, స్టాప్-డేట్‌టైమ్ ఆప్షన్లు కమాండ్ నడుస్తున్న మెషిన్ టైమ్‌జోన్‌నే లెక్కలోకి తీసుకుంటాయి. మన టైమ్‌లో 14:20కి జరిగింది యూటీసీలో ఉన్న సర్వర్ మీద 08:50. ఫైల్ నీ ల్యాప్‌టాప్ మీద తెరిస్తే 14:20 అనే ఇవ్వాలి. పైగా ఈవెంట్ మీద పడేది స్టేట్‌మెంట్ మొదలైన టైమ్, కమిట్ (మార్పు ఖాయం) అయినది కాదు. అరగంట నడిచిన అప్‌డేట్ పాత టైమ్ వేసుకుని కొత్త వాటి వెనక కూర్చుంటుంది. అందుకే టైమ్‌తో వెతుకు, పొజిషన్‌తో కత్తిరించు.

కత్తిరించేటప్పుడు డిలీట్ రో దగ్గర ఆపకు. పైకి వెళ్లి, ఆ ట్రాన్సాక్షన్ తాలూకు జీటీఐడీ (ఒక్కో ట్రాన్సాక్షన్‌కి ఉండే ప్రత్యేక గుర్తింపు) ఈవెంట్ మొదలయ్యే "ఎట్" నంబర్‌ని స్టాప్-పొజిషన్‌గా ఇవ్వు. ఆ నంబర్ దగ్గర మొదలయ్యే ఈవెంట్ అవుట్‌పుట్‌లోకి రాదు. తర్వాతి భాగాన్ని, కమిట్ ఉన్న ఎక్స్‌ఐడీ ఈవెంట్ ఎండ్-లాగ్-పాస్ నుంచి మొదలుపెట్టు. చదివేటప్పుడు, రోలు ఏ టేబుల్‌వో చెప్పే టేబుల్-మ్యాప్ ఈవెంట్ దాటాక మొదలుపెడితే "తెలియని టేబుల్ రో" అంటుంది. కొంచెం వెనక్కి వెళ్తే సరిపోతుంది.

డికోడ్-రోస్‌తో తీసిన టెక్స్ట్ చదవడానికే. ఎక్కించడానికి పంపితే ఎర్రర్ రాదు, డేటా కూడా రాదు, ఎందుకంటే రోలన్నీ కామెంట్లుగా మారిపోయాయి. ఎక్కించేటప్పుడు ఆ ఆప్షన్ తీసేసి, ఫైళ్లన్నీ ఒకే కమాండ్‌లో వరసగా ఇవ్వు. స్టార్ట్-పొజిషన్ మొదటి ఫైల్‌కి, స్టాప్-పొజిషన్ చివరి ఫైల్‌కి వర్తిస్తాయి. ఒక్కో ఫైల్‌కి ఒక్కో కనెక్షన్ తెరిస్తే, మొదటి దాంట్లో పుట్టిన టెంపరరీ టేబుల్ రెండో దానికి కనిపించదు. అదే సర్వర్‌లోకి మళ్లీ ఎక్కిస్తుంటే, ఆ జీటీఐడీలు అప్పటికే నడిచినవి కాబట్టి చప్పుడు లేకుండా వదిలేస్తుంది. అప్పుడు స్కిప్-జీటీఐడీస్ ఆప్షన్ కావాలి.

"ఈ డేటా ఎవరు చూశారు?" అని ఎవరైనా అడిగితే బిన్‌లాగ్‌లో వెతుకుతూ రాత్రంతా కూర్చోకు. సెలెక్ట్‌లు అందులో ఉండవు. థ్రెడ్ ఐడీ ఉంటుంది గానీ, ఆ రోల పక్కన ఎవరు మార్చారన్న యూజర్ పేరు ఉండదు. అది ఆడిట్ లాగ్ పని.

పని అయ్యాక ఆ డికోడ్ చేసిన టెక్స్ట్ ఫైల్‌ని టెంప్ ఫోల్డర్లో వదిలేయకు. అందులో జనాల ఫోన్ నంబర్లు, చిరునామాలు ఏ ముసుగూ లేకుండా ఉంటాయి.

8.0లో బిన్‌లాగ్‌లు డిఫాల్ట్‌గా 30 రోజులకే పోతాయి. సోమవారంలోపు ఒక పాత బ్యాకప్ ఫైల్ తీసుకుని, టెస్ట్ సర్వర్ మీద ఇదంతా ఒకసారి చేసి చూడు. ఎక్కడైనా ఆగిపోతే ఆ పొజిషన్ నంబర్ రాసిపెట్టుకుని ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
అమ్మ